తోక ఉన్న కొలను

ఆ శనివారం ఉదయం పెద్దల్లుడు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగి గోల్ఫ్ మైదానానికి వెళ్ళాలి, ఆఖరి హోలు దగ్గర నాలుగు రంగుల్లో నాలుగు గీతలు గీయాలి, భోజనం వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. సాయంత్రం క్లబ్బు కమిటీ వచ్చి ఆ గీతలు చూసి మెచ్చుకుంటుంది. చీకటి పడ్డాక నీళ్ళ గొట్టాలు తిరిగి రంగునంతా కడిగేస్తాయి. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకున్నాడతను. అనుకుని ఊరుకోకుండా పైకి కూడా అన్నాడు.

"చెడిపోవడానికి ఏముందని మీరన్న ప్రతిసారీ మనింట్లో ఏదో ఒకటి కొత్తది కొనాల్సొస్తోంది," అంది అతని భార్య, కాఫీలో చక్కెర కలుపుతూ.

"చూశావా, చెంచా కప్పుకి తగలకుండా కలుపుతున్నావు. నువ్వు లెక్కల మనిషివి. పసుపు రంగు."

"చెంచా తగిలితే చప్పుడని మీరు విసుక్కుంటారని అలా కలుపుతున్నాను. అదీ స్వభావమేనా?"

"అది ఇంకా పసుపు," అన్నాడు పెద్దల్లుడు.

అతనిది గోల్ఫ్ మైదానాలు గీసే వృత్తి. గీసే అని గౌరవంగా చెప్పుకోవడమే గానీ, ఇంతవరకూ గీసినవన్నీ హోటళ్ళ పెరటిలో పిల్లలు ఆడుకునేవి. బంతి ఏనుగు బొమ్మ నోట్లోంచి దూరి తోక కింద నుంచి బయటికొచ్చే రకం. అసలైన మైదానం ఒక్కటి, పెద్దవాళ్ళు ఆడేది, తన చేత్తో గీయాలన్నది అతని చిరకాల కోరిక. ఆ మాట మాత్రం ఎవరితోనూ చెప్పేవాడు కాదు. ఇప్పుడు ఆ అవకాశం మామగారి రూపంలో వచ్చింది.

మామగారు క్లబ్బు అధ్యక్షులు, పదవీ విరమణ చేసిన జడ్జి. కోర్టు ఆయన్ని వదిలింది గానీ ఆయన కోర్టుని వదల్లేదు. ఆయనకి ఇద్దరు అల్లుళ్ళు కావడంతో క్లబ్బులో అందరూ వాళ్ళని పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలిచేవారు. చిన్నల్లుడు కార్లు నిలిపే స్థలాలు కట్టే కాంట్రాక్టరు. మైదానం పాతబడిపోయింది, మొత్తం మార్పించాలని కమిటీ తీర్మానించగానే ఇద్దరు అల్లుళ్ళూ ఒకే రోజు మామగారింటికి వచ్చారు. మామగారు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని తీర్పు చెప్పారు.

"పెద్దల్లుడూ, ముందు ఆఖరి హోలు ఒక్కటీ ఎలా ఉండబోతోందో చూపించు. సభ్యులకి నచ్చితే పద్దెనిమిది హోళ్ళూ నీవే. నచ్చకపోతే చిన్నల్లుడివి. అతనైతే మొత్తం చదును చేసి గడ్డి పరిచేస్తానంటున్నాడు, గొడవే ఉండదట."

పెద్దల్లుడికి గొడవ లేని మైదానం అంటే ఉప్పు లేని కూర. అతని దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఆటగాళ్ళు నాలుగు రకాలు. దూకుడువాళ్ళకి ఎదురుగా నీళ్ళు కనపడాలి, వాటి మీదుగా బంతిని దాటించి మీసం తిప్పాలి. లెక్కలవాళ్ళకి ఇసక గుంటలు కావాలి, ఎటు నుంచి వెళ్తే లాభమో కూడికలు తీసివేతలు వేసుకోవాలి. భావుకులకి పూలూ చెట్లూ ఉంటే చాలు, బంతి ఎటు పోయినా పట్టించుకోరు. ఇక సాధువులు, వాళ్ళకి వెడల్పాటి దారి ఒకటి వదిలేస్తే ఎవరి జోలికీ రాకుండా నడుచుకుంటూ పోతారు. హోలంటే బంతి దూరే గుంత ఒక్కటే కాదు, కొట్టే చోటు నుంచి ఆ గుంత దాకా ఉన్న మైదానమంతా. ఒకే హోల్లో ఈ నాలుగూ పెడితే నచ్చనివాడు పుట్టడు. దూకుడుకి ఎరుపు, లెక్కలకి పసుపు, భావుకతకి నీలం, శాంతానికి తెలుపు అని రంగులు కూడా తనే ఎంచుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించేవాళ్ళుంటారు. పెద్దల్లుడు తన కుందేలుకి నాలుగు కాళ్ళకీ నాలుగు రంగులు వేశాడు.

మైదానంలో పని హాయిగా సాగింది. రంగు డబ్బాని తలకిందులుగా పట్టుకుని మీట నొక్కుతూ నడిస్తే గడ్డి మీద గీత పడుతుంది. ఎడమవైపు సాధువుల దారిని చుట్టి తెల్లగీత గీశాడు. ఇసక గుంట రాబోయే చోట పసుపుది, పూలతోట చోట నీలంది గీశాడు. చివరగా ఎర్ర డబ్బా తీసుకుని కొలను మొదలుపెట్టాడు. చక్కటి గుండ్రం, సగం పైన పూర్తయింది. అప్పుడు జేబులో ఫోను మోగింది.

"అల్లుడూ, ఇవాళ సాయంత్రం కమిటీవాళ్ళకి కుదరదట," అన్నారు మామగారు. "రేపు అధ్యక్షుడి కప్పు పోటీ ఉందిగా. అది అవగానే సభ్యులందరూ అక్కడే ఉంటారు, అప్పుడు చూస్తాం."

రేపు పోటీ! సభ్యులందరూ! తన గీతల ముందు నిలబడి ప్రతివాడూ తన స్వభావాన్ని తాను గుర్తుపట్టుకుంటాడు. పెద్దల్లుడికి ఆనందం పట్టలేకపోయింది. "అంతకన్నానా మావయ్యగారూ!" అంటూ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు గడ్డిలో పడున్న నీళ్ళ గొట్టానికి తగిలింది. తూలాడు, తూలుతూ తూలుతూ చాలా దూరం పరుగెత్తాడు, పడలేదు. ఫోను జారలేదు. మీట మీద వేలు కూడా జారలేదు. వెనక్కి తిరిగి చూసుకుంటే కొలను నుంచి ఎర్రటి గీత ఒకటి మైదానం నడిమధ్య దాకా వచ్చేసింది.

మరొకరైతే దాన్ని చెరిపేసేవారు. పెద్దల్లుడు నడుం మీద చెయ్యి వేసుకుని తల పక్కకి వంచి చూశాడు, ఎదురుగా వెళ్ళి చూశాడు. చూడగా చూడగా అది పొరపాటులా కనపడ్డం మానేసింది. ఏ పనినైనా సగంలో వదిలేసే అలవాటు అతనికి లేదు. ఆ గీత చివర్ని గుండ్రంగా తిప్పి, పక్కనే మరో గీత గీసుకుంటూ వెనక్కి వెళ్ళి కొలనుతో కలిపేశాడు. ఇప్పుడు కొలనుకి తోక వచ్చింది. వెళ్తూ వెళ్తూ పచ్చికకి నీళ్ళు పెట్టే మేస్త్రీని పిలిచి, "ఈ రాత్రి ఇక్కడ నీళ్ళు వదలొద్దు, గీతలు చెరగకూడదు," అని మరీ చెప్పి వెళ్ళాడు.

మర్నాడు కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకుని, కమిటీ ముందు చెప్పాల్సిన మాటలు అద్దం ముందు చెప్పుకుని, పెద్దల్లుడు మైదానానికి చేరేసరికి పోటీ ఆఖరికొచ్చింది. మిగతా జట్లు ఆడేసి క్లబ్బు హాల్లోకి వెళ్ళిపోయాయి. హాల్లోంచి కేకలు వినిపిస్తున్నాయి. అధ్యక్షుడి కప్పు రోజు కదా, ఉత్సాహంగా ఉన్నారనుకున్నాడు. ఆఖరి జట్టు మాత్రం మిగిలింది. మామగారు, చిన్నల్లుడు, పళ్ళ డాక్టరు, సంగీతం టీచరమ్మ. దూకుడు, లెక్కలు, సాధువు, భావుకురాలు. దేవుడు కూడా తన సిద్ధాంతాన్ని చదివే ఈ నలుగురినీ ఒక జట్టులో వేశాడని పెద్దల్లుడికి అనిపించింది. ఆఖరి హోలు జెండా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈ ఆటలో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు, సంసారంలో తక్కువ మాట్లాడినవాడిలాగ. ఆఖరి హోలు దగ్గరికి వచ్చేసరికి మామగారూ చిన్నల్లుడూ అందరికన్నా ముందు, సరిసమానంగా ఉన్నారు. మామగారు క్లబ్బు పెట్టినప్పటి నుంచీ ఆ కప్పుని ఇతరులకి అందిస్తూనే ఉన్నారు తప్ప ఒక్కసారైనా అందుకోలేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

ముందు టీచరమ్మ కొట్టింది. బంతి వెళ్ళి నీలం గీత లోపల పడింది. పెద్దల్లుడు చిరునవ్వుతో చూస్తున్నాడు, ఇప్పుడావిడ అక్కడ పూలతోటని ఊహించుకుని కళ్ళు మూసుకుంటుందని. టీచరమ్మ కళ్ళు మూసుకోలేదు. గబగబా వచ్చి, వంగి, గీతని పరీక్షగా చూసింది.

"నీలం. మరమ్మతులో ఉన్న నేల. ఉచితంగా బయటికి తీసుకోవచ్చు," అని ప్రకటించి, బంతి కొట్టే కర్రతో నేల కొలుచుకుని, ఉన్నవాట్లో మంచి గడ్డి చూసుకుని బంతిని అక్కడ వదిలింది.

పెద్దల్లుడి గుండెల్లో రాయి పడింది. గోల్ఫ్ మైదానంలో గీతలకి వాటి అర్థాలు వాటికున్నాయి. ఎర్రగీతైనా పసుపు గీతైనా దాని లోపల నీటి గుంట ఉన్నట్టే లెక్క. బంతిని అక్కణ్ణించి బయటికి తీస్తే ఒక దెబ్బ జరిమానా. తెల్లగీతతోనో నీలం గీతతోనో చుట్టిన నేల మరమ్మతులో ఉన్నట్టు. బంతిని ఊరికే తీసి పక్కన వేసుకోవచ్చు. ఈ సంగతి పెద్దల్లుడికి తెలియదా అంటే, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ కొన్ని నెలలుగా అతని బుర్రలో ఎరుపంటే దూకుడు, తెలుపంటే శాంతం. మనిషి మనసు తెలుసుకునే హడావిడిలో ఆట రూలు మరిచిపోయాడు. నున్నటి గడ్డి మీద రెండు నీటి గుంటలు, రెండు మరమ్మతులు పెట్టి, పైగా అవి చెరిగిపోకుండా కాపలా కూడా పెట్టాడు. హాల్లోంచి వస్తున్న కేకలు ఉత్సాహంతో కాదని అతనికి ఇప్పుడు తెలిసింది.

చిన్నల్లుడి బంతి తెల్లగీత లోపల ఒక గొయ్యిలో ఇరుక్కుంది. "మరమ్మతు!" అని నవ్వుతూ తీసి, పట్టులాంటి గడ్డి మీద పెట్టుకున్నాడు. పళ్ళ డాక్టరు బంతి పసుపు గీతలోకి వెళ్ళింది. ఆయన పన్ను పీకేటప్పుడు కూడా గొంతు పెంచని మనిషి. సాధువు అని పెద్దల్లుడు తెల్లరంగు ఇచ్చింది ఆయనకే.

"నీళ్ళలో పడిందండీ డాక్టరుగారూ," అంది టీచరమ్మ. "తీస్తే జరిమానా."

"ఏవీ నీళ్ళు?" డాక్టరు అరిచిన అరుపుకి చెట్టు మీద పక్షులు లేచిపోయాయి. "చూపించండి! ఇదిగో నా బూటు, తడిసిందా? ముట్టుకు చూడండి! నేను తియ్యను, ఇక్కణ్ణించే కొడతాను!" అని కొట్టి, బంతి ఎటు పోయిందో చూడకుండా ఇంకో రెండు నిమిషాలు బూటే చూపించాడు.

మామగారి వంతు వచ్చింది. ఆయన ఊపిరి పీల్చుకుని కొట్టారు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. బంతి ఆకాశంలో హాయిగా వెళ్ళి, మైదానం సరిగ్గా నడిమధ్య పడి, రెండు గెంతులు గెంతి ఆగింది. ఆగిన చోటు కొలను తోక.

పెద్దల్లుడు ఇక నిలబడలేకపోయాడు. కొత్త చొక్కా చెమటకి అంటుకుపోగా పరుగెత్తుకొచ్చాడు.

"మావయ్యగారూ, ఆగండి! అవి హద్దులు కావు! మనుషుల స్వభావాలు!"

"పోటీ నడుస్తుండగా ఆటగాడికి బయటివాళ్ళు సలహా ఇవ్వకూడదు," అన్నారు మామగారు అతని వైపు చూడకుండానే. "రూలు."

"సలహా కాదండీ, అక్కడ నీళ్ళు..."

"ఇంకో మాటంటే నాకు జరిమానా పడుతుంది. నోరు మూసుకో."

పెద్దల్లుడు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. డాక్టరు తన బూటు చూపిస్తూ, "సార్, లోపల నిలబడి కొట్టేయండి, రూలు ఒప్పుకుంటుంది," అని బతిమాలాడు.

"ఒప్పుకుంటుంది. దిగి కొట్టడానికి ఓపికున్నవాళ్ళు కొట్టుకోవచ్చు. నేను నీళ్ళలో దిగను," అన్నారు మామగారు. "కంటికి కనపడలేదు కాబట్టి లేదనుకునేటట్టయితే, ఇన్నేళ్ళూ బెంచి మీద కూర్చుని నేనేం తీర్పులిచ్చినట్టు? గీత ఉంది. గీత సాక్ష్యం."

ఆయన ఎండిన గడ్డి మీద ఉన్న బంతిని, నిజంగా నీళ్ళలోంచి తీస్తున్నట్టే దూరంగా నిలబడి కర్రతో లాగి, రుమాలుతో తుడిచి, గీత బయట వదిలి, తనకి తాను జరిమానా వేసుకున్నారు. ఆ ఒక్క దెబ్బ తేడాతో కప్పు చిన్నల్లుడిదైంది.

హాల్లో కూర్చోవడానికి చోటు లేదు, కూర్చున్నవాడూ లేడు. పొద్దుటి నుంచీ ఆఖరి హోలు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడారు. తనకి లాభమైన గీత రూలనీ, నష్టమైన గీత రంగనీ ప్రతివాడూ వాదిస్తున్నాడు. చిన్నల్లుడు కప్పు చంకలో పెట్టుకుని కుర్చీ ఎక్కాడు.

"నేను కట్టే పార్కింగుల్లో ఒక్కటే రంగండీ. తెల్లగీత. ఏ స్వభావం ఉన్నవాడైనా కారు ఆ గీతల మధ్యే పెడతాడు. మైదానం కూడా అలాగే ఉండాలంటాను!"

చప్పట్లు మోగాయి. పెద్దల్లుడు గోడకి ఆనుకుని నిలబడి లెక్క వేసుకున్నాడు. నోరెత్తకుండా ఉంటే పని పోయినట్టే. నోరెత్తి ఆ గీతలు చెల్లవని చెప్తే పనితోపాటు పరువూ పోతుంది. కానీ అప్పుడు మామగారి జరిమానా పోతుంది, చిన్నల్లుడి ఉచితం పోతుంది, కప్పు మామగారిదవుతుంది. ఆయన అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని ఆ కప్పు వైపు, పక్కింటి పిల్లాణ్ణి చూసినట్టు చూసి కళ్ళు తిప్పుకున్నారు. మామగారంటే తనకి భయం అనుకునేవాడు పెద్దల్లుడు ఇన్నాళ్ళూ. అది భయం కాదు, ఇష్టం అని ఆ క్షణాన తెలిసింది. ఎప్పటికీ గీయని మైదానాన్ని ఒక్కసారి తలుచుకున్నాడు. అయినా మాట్లాడాడు.

"తప్పు నాదండీ. అవి రూలు గీతలు కావు. రాబోయే డిజైను ఎలా ఉంటుందో చూపించడానికి నేను గీసినవి, ఎరుపు కొలను, పసుపు ఇసక గుంట, నీలం పూలతోట, తెలుపు దారి. రంగులు తప్పు ఎంచుకున్నాను. ఆ గీతలు చెల్లవు. కప్పు మావయ్యగారిది. ఇంకో సంగతి, ఆ తోక కూడా..."

"ఆగు," అన్నారు మామగారు. హాలంతా ఆగింది. "గీతలు చెల్లవంటావు."

"చెల్లవండి."

"అక్కడ నీళ్ళు లేవంటావు."

"లేవండి. ఒట్టి గడ్డి."

"అంటే, క్లబ్బు అధ్యక్షుణ్ణి, జడ్జీగా పనిచేసినవాణ్ణి, పట్టపగలు నలుగురూ చూస్తుండగా ఒట్టి గడ్డిని నీళ్ళనుకుని, రుమాలుతో బంతి తుడుచుకుని, నాకు నేనే శిక్ష వేసుకున్నానంటావు. అవునా?"

 ఈ వైపు నుంచి పెద్దల్లుడు ఆలోచించలేదు.

"నీళ్ళలో పడి ఓడిపోయినవాడు ఓడిపోయిన పెద్దమనిషి," అన్నారు మామగారు లేచి నిలబడి. "గడ్డిలో పడి ఓడిపోయినవాడు వెర్రివాడు. నేను వెర్రివాణ్ణని ఈ క్లబ్బు చరిత్రలో ఉండటానికి వీల్లేదు. అక్కడ కొలనుంది. చిన్నల్లుడూ, నీకు కప్పు కావాలా?"

"కావాలి మావయ్యగారూ," అన్నాడు చిన్నల్లుడు కప్పుని గట్టిగా పట్టుకుని.

"అయితే అక్కడ కొలనుందా, లేదా?"

చిన్నల్లుడు కప్పు వైపు చూశాడు, పెద్దల్లుడి వైపు చూశాడు. అతనికి లెక్కలు వచ్చు, ఆ మాట మాత్రం నిజం. "ఉంది," అన్నాడు నీరసంగా.

"లోతు?"

"మీరెంతంటే అంత."

"తెల్లదారి కూడా ఉందా?"

"అందులోంచేగా నేను... ఉందండి."

అంతే, గాలి తిరిగింది. ఉచితంగా బంతి తీసుకున్న ప్రతి సభ్యుడికీ తన ఆట లెక్క నిలబడాలంటే గీతలు నిలబడాలని తెలిసొచ్చింది. టీచరమ్మ చెయ్యెత్తి, "నీలం దగ్గర పూలమొక్కలు ఉన్నాయండీ, నాకు వాసన కూడా వచ్చింది," అంది. పళ్ళ డాక్టరు కాసేపు బూటు వంక చూసుకుని, పసుపు గీత చోట ఇసక గుంట కదా రాబోయేదని పెద్దల్లుణ్ణి చెవిలో అడిగి తెలుసుకుని, "ఇసకలోంచి ఒక్క దెబ్బకి తీసినవాణ్ణి ఈ క్లబ్బులో నేనొక్కణ్ణే, ఆ సంగతి గుర్తుంచుకోండి," అని కూర్చున్నాడు.

"డిజైను ఆమోదించాం," అన్నారు మామగారు. "నిన్నటి నుంచే అమలు. పద్దెనిమిది హోళ్ళూ పెద్దల్లుడు గీస్తాడు. యంత్రాలు చిన్నల్లుడికి ఉన్నాయి కాబట్టి తవ్వకం అతను చూసుకుంటాడు. ఇక తవ్వడం ఒక్కటే బాకీ, అదేం పెద్ద పని కాదు."

ఇంటికి వచ్చి జరిగిందంతా చెప్తే భార్య చాలాసేపు నవ్వింది. "ఇంతకీ మా నాన్న ఏ రంగండీ?" అంది.

పెద్దల్లుడు కాఫీ కప్పు కింద పెట్టి ఆలోచించాడు. సిద్ధాంతం కొంచెం మార్చక తప్పదనిపించింది. "ఆటగాళ్ళు నాలుగు రకాలు కాదు, రెండే. బంతి గీత లోపల పడ్డవాళ్ళు, బయట పడ్డవాళ్ళు."

"మరి మీరో?"

"నేను గీత గీసినవాణ్ణి," అన్నాడతను, ఏమాత్రం తగ్గకుండా. కానీ ఆ రాత్రి భోజనం దగ్గర మంచినీళ్ళ గ్లాసు చూసి తనలో తాను నవ్వుకుంటుంటే భార్యే వీపు నిమిరి, "గీయండి, మీ చేత్తో గీయండి," అంది. అతను తడి వేలితో బల్ల మీద మొదటి హోలు గీశాడు.

తవ్వకం మొదలైన రోజు చిన్నల్లుడు తల గోక్కుంటూ వచ్చాడు. "అన్నయ్యగారూ, ఈ తోక తీసేద్దాం. యంత్రం తిరగట్లేదు. అసలిది ఎందుకు పెట్టారు?"

పెద్దల్లుడు నీళ్ళ గొట్టం వైపు ఒకసారి చూశాడు. "తోక లేకపోతే కొలనుకి స్వభావమే ఉండదు తమ్ముడూ," అన్నాడు. మామగారు వెనక నుంచి, "తోక మీద ఎవరూ చెయ్యి వెయ్యకండి. నా బంతి పడింది అందులోనే," అన్నారు. యంత్రం వెళ్ళలేని చోట చిన్నల్లుడు మనుషుల్ని పెట్టి తవ్వించాడు.

కొలనులోకి నీళ్ళు వదిలిన రోజు సభ్యులందరూ వచ్చారు. నీళ్ళు గుండ్రంగా నిండి, మెల్లగా తోకలోకి పాకి, చివరిదాకా వెళ్ళి ఆగాయి. మామగారు ఒక్కరే నడుచుకుంటూ ఆ చివరికి వెళ్ళారు. కర్రని నీళ్ళలో ముంచి, పైకి తీసి, తడి ఎంతవరకూ వచ్చిందో కళ్ళజోడు సవరించుకుని చూసుకున్నారు.

"ఆరోజు కూడా ఇంతే లోతుంది," అన్నారు.